చదివి వినిపించడమైనది

పదకొండు గంటలకల్లా సుభాషిణి అరవై మూడు పఠనముద్రలు వేసేసింది. ఒక్కో పేజీ మీద కనీసం నాలుగు సెకన్లు కళ్ళు కదలాలి, లేకపోతే తెర ఒప్పుకోదు. యంత్రం రాసిన ఏ పిటిషన్ అయినా మనిషి చదివి, చదివానని ప్రమాణంగా ఈ ముద్ర వేశాకే కోర్టులోకి వెళ్ళాలని చట్టం. చట్టం మంచిదే, కాదన్నదెవరు? కాకపోతే రోజుకు నూట ఇరవై దాఖలు కావాలి. అందుకని విశాఖ వకీళ్ళంతా ఏళ్ళ తరబడి ఒక విద్య సాధించారు. చదవకుండా కళ్ళు కదిలించడం. అందులో సుభాషిణికి మంచి పేరే ఉంది.

పిటిషన్లు రాసేది గుమాస్తా. ఒకప్పుడు గుమాస్తా అంటే చంకలో కాగితాల కట్ట పెట్టుకుని తిరిగే మనిషి. ఇప్పుడది బల్ల మీంచి వచ్చే గొంతు. బెయిలు ఇవ్వచ్చో లేదో తేల్చేది తూనిక, అదీ యంత్రమే. తూనిక తేల్చిన దాని కింద జడ్జిగారు సంతకం పెడతారు. ఆయన కళ్ళు కూడా నాలుగు సెకన్లే కదులుతాయని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

అరవై నాలుగోది తవుడిది. పెద్ద పెద్ద భవనాలకు ఇనుము కట్టే కూలీ. ఊచలు దొంగిలించాడని కేసు పెట్టారు. విచారణ మొదలవకుండానే ఏడు నెలలుగా జైల్లో ఉన్నాడు. రెండుసార్లు బెయిలు అడిగితే రెండుసార్లూ రాలేదు. ఇప్పుడు దగ్గితే నెత్తురు పడుతోంది. మూడో పిటిషన్ ఆ సాయంత్రం నాలుగింటికి తూనిక ముందుకు వెళ్ళాలి. దానికి జతచేసే ప్రమాణపత్రం మీద వేలిముద్ర వేయడానికి అతని భార్య సన్యాసమ్మ వచ్చి కూర్చుంది.

చదువురాని వాళ్ళ వేలిముద్ర కింద ‘తెలుగులో చదివి వినిపించడమైనది’ అన్న వాక్యం ఉండి తీరాలి. గుమాస్తా పిటిషన్‌తో సహా అంతా గడగడా నిమిషంలో వినిపించేసింది. సన్యాసమ్మ వేలు వెనక్కి తీసుకుంది.

“దానికేటి తెలుస్తాదమ్మా మా గోడు? మీరోపాలి సదివి సెప్పండి.”

సుభాషిణికి విసుగొచ్చింది. ఇంకా యాభై ఆరు మిగిలి ఉన్నాయి. అయినా ఆ మొహం చూసి కాదనలేకపోయింది. పైకి చదవడం మొదలుపెట్టాక, అలవాటైన విద్య అక్కరకు రాలేదు. ప్రతి మాటా నోటితో పలకాలి, పలికింది సన్యాసమ్మకు అర్థమయ్యేలా విడమరచాలి. మూడో పేజీలో ఒక పాత తీర్పు దగ్గరికి వచ్చారు. ఏడాదిలో మూడుసార్లకు మించి ఇల్లు మారినవాడు పారిపోయే మనిషి కిందే లెక్క అని దాని సారాంశం. తవుడు నాలుగుసార్లు మారాడు. భవనం పూర్తవగానే మేస్త్రీ కూలీలుండే రేకుల షెడ్లు పీకించేస్తాడు మరి, మారక ఏం చేస్తాడు? రెండుసార్లు బెయిలు ఆగింది ఆ తీర్పు వల్లే.

సన్యాసమ్మ అడిగింది. “ఆ తీర్పులో మనిసెవరమ్మా? ఆడూ మాలాటోడేనా? తరవాత ఏటైపోనాడు?”

ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో సుభాషిణిని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. తీర్పులో మనిషి ఉంటాడన్న సంగతే ఆమెకు తట్టలేదు. గుమాస్తాను అడిగితే సారాంశం ఉంది, మూలప్రతి అందుబాటులో లేదంది.

మిట్టమధ్యాహ్నం ఎండలో పాత కోర్టు వెనక రికార్డు గదికి నడిచింది. కాగితం రిజిస్టర్లకు మిగిలిన ఏకైక కాపలాదారు కరీముల్లా ఆ తీర్పు వచ్చిన సంవత్సరం పుస్తకం దించి, దుమ్ము దులిపి, చివరి పేజీ తెరిచాడు. తీర్పు నంబరు రెండు వేల మూడు వందల పదకొండు. ఆ ఏడు రిజిస్టరు పద్దెనిమిది వందల నలభై ఆరుతో ముగిసిపోయింది. ఆ కింద అడ్డగీత, అప్పటి జడ్జి సంతకం. అటువంటి కేసే లేదు, అటువంటి మనిషీ లేడు.

తిరిగొచ్చి గుమాస్తాను అడిగింది.

“ఆ తీర్పును మొదట వాడింది ఎవరు?”

“తొమ్మిదేళ్ళ క్రితం, బెయిలు ఇవ్వద్దంటూ ప్రభుత్వం వేసిన కౌంటరులో,” అంది గుమాస్తా. “ముసాయిదా నాది. పఠనముద్ర కోరాడ సుభాషిణిది.”

ఆమెకు ముందు సిగ్గేసింది. భయం ఆ తర్వాత వచ్చింది. అప్పట్లో ప్రభుత్వం తరఫున వాదించే వకీళ్ళ ప్యానెల్లో ఉండేది. ఆ రోజు ఎన్ని ముద్రలు వేసిందో కూడా గుర్తులేదు.

“ఆ తీర్పు లేదు,” అంది.

“రెండు వందల పన్నెండు ఉత్తర్వులు దాన్ని అనుసరించాయి. కాబట్టి ఉంది.”

ఆ ఉత్తర్వుల మీద ఇంకా ఎనభై ఏడుగురు లోపలే ఉన్నారట. అడిగితే గుమాస్తా అదీ చెప్పింది. ఆ పైన ఒక సలహా కూడా ఇచ్చింది. తీర్పు జోలికి పోవద్దు. దాన్ని ఒప్పుకుని, జబ్బు కారణంగా మినహాయింపు కోరితే చాలు. తవుడు ఈ సాయంత్రమే బయటికి వచ్చే అవకాశం నూటికి తొంభై ఒకటి. తీర్పు అబద్ధమంటే మాత్రం దాని మీద ఆధారపడ్డ ప్రతి ఫైలూ ఆగుతుంది, ముందుగా తవుడిది. పోనీ ఇవాళ ముద్ర వేసి రేపు నిజం చెబుదామంటే, అబద్ధపు ప్రమాణం మీద వచ్చిన బెయిలు రద్దై అతన్ని మళ్ళీ లోపలేస్తారు. అంటే ఇవాళ నోరు మూసుకుంటే ఎప్పటికీ మూసుకోవాల్సిందే.

సుభాషిణి సన్యాసమ్మకు అంతా దాచకుండా చెప్పింది, తన ముద్ర సంగతితో సహా. సన్యాసమ్మ తిట్టలేదు. ముందు మా ఇంటాయన్ని బయటికి తెండి, మిగిలినోళ్ళ సంగతి తరవాత సూద్దురు అంది. అందులో తప్పేముంది? సుభాషిణి ఆమె స్థానంలో ఉన్నా అదే అనేది.

మూడున్నరకు తెర పఠనముద్ర అడిగింది. ‘ఇందులోని ప్రతి తీర్పును చదివి, నిజమని ఎరిగి ప్రమాణం చేస్తున్నాను.’ ఇన్నాళ్ళూ ఆ వాక్యం మీద కూడా కళ్ళు కదిలించిందే గాని చదవలేదు. ఇప్పుడు చదివింది. తెర మీద ‘చదివాను’ తప్ప ఇంకో మీట లేదు. సుభాషిణి తెల్ల కాగితం తీసుకుని చేత్తో రాసింది. తొమ్మిదేళ్ళనాటి ఆ ముద్ర తాను చదవకుండా వేసింది. ఆ తర్వాత వేసిన వేలాది ముద్రల్లో ఎన్ని చదివిందో తనకే తెలియదు. కాబట్టి అన్నింటినీ వెనక్కి తీసుకుంటోంది.

ఆ కాగితం నేరుగా జడ్జిగారి చేతికిచ్చింది. ఆయన మొదటి వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివారు. చాలాసేపు పట్టింది.

“దీంతో మీ క్లయింటు పిటిషన్ కూడా పోతుందమ్మా. తెలిసే ఇస్తున్నారా?”

“తెలిసే ఇస్తున్నానండి.”

“మీ వకీలు సన్నదు కూడా రద్దు కావచ్చు, మరి?”

“అదీ తెలుసండి.”

నాలుగింటికి బోర్డు మీద తవుడి పేరు పక్కన ‘నిలుపుదల’ అని పడింది. దాని కింద ఇంకొకటి, ఆ కింద మరొకటి, చూస్తుండగానే బోర్డంతా నిండిపోయింది. ప్రతి ఫైలూ మనిషి కూర్చుని చదవాలి. చదివే మనుషులు ఆ కోర్టులో నలుగురు. ఎంత తొందరపడినా నెలన్నర పడుతుందని బెంచి క్లర్కు చెప్పాడు.

సన్యాసమ్మ వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. సుభాషిణి దగ్గరికి వెళ్ళి, తవుడిని జైలు ఆసుపత్రికి మార్చమని వేరే అర్జీ చేత్తోనే రాయించి, ఇంకో వకీలు పేరు మీద వేయిస్తానంది. సన్యాసమ్మ అంతా విన్నది. విని, నెమ్మదిగా అంది.

“మీరు సదవకుండా ముద్రేసుంటే, ఈపాటికి ఇంటికొచ్చీసేవోడు గదమ్మా.”

“వచ్చేవాడమ్మా,” అంది సుభాషిణి.