క్లబ్బు నర్సయ్య కట్టిన ముడి

దండెం మీద ఎర్ర జెర్సీ ఆరుతోంది.

రామనర్సయ్య నోట్లో వేపపుల్లతో దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. జగదల్‌పూర్‌లో సంస్థానం పనులు చేసే తాపీమేస్త్రీ అతను. బజారులో ఆ పని పేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలియదు. క్లబ్బు నర్సయ్య అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఇంద్రావతి ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టినప్పుడు మైదానంలో రాళ్ళేరిన పిల్లల్లో అతనొకడు. అప్పటినుంచి క్లబ్బు ఆడిన ఏ ఆటా చూడకుండా వదల్లేదు. పెళ్ళినాడు కూడా తాళి కట్టి, పసుపు బట్టలతోనే వెళ్ళి మైదానం గీత పక్కన నిలబడ్డాడు. క్లబ్బు రంగు నీలం. ఎరుపు సిపాయిల లైను జట్టుది. ఈ సాయంత్రం షీల్డు ఫైనల్ ఆ జట్టుతోనే.

"ఇదెవరిది?" అన్నాడు.

కోడలు హుంగే నీళ్ళకుండ దించింది. కుంట అనే ఊరి వైపు దొర్ల తెగ పిల్ల. కడుపుతో ఉంది. విషయం దాచడం ఆమెకు చేతకాదు.

"నీ కొడుకుది, మామా."

"మన ఇంట్లకెట్లొచ్చింది?"

"దానికి కాళ్ళు లేవు గద. ఆయనే తెచ్చిండు."

అత్త భద్రమ్మ జావ కలుపుతున్న గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. ఆమె వెనక వెంకన్న. తండ్రి కళ్ళలోకి చూడకుండా చెప్పాడు.

"వాళ్ళ ఆటగానికి జొరమంట నాయినా. నిన్న కబురు పంపిన్రు. బాగ ఆడితే సిపాయి నౌకరీ ఇస్తమన్నరు. ఉండటానికి లైన్ల ఇల్లు గూడ."

"నౌకరీ కోసం రంగు మారుస్తవా?"

"నాకు రంగెప్పుడిచ్చిన్రు, మార్చటానికి? నీ క్లబ్బు నన్ను గీత బయటనే కూసోబెట్టింది. నిమ్మకాయలు కోసిచ్చిన, బూట్లు తుడిచిన. అక్కడ నీ మాట నడుస్తది. ఒక్కనాడన్న మా వాన్ని ఆడనియ్యిన్రి అన్నవా?"

"నా కొడుకని దింపితే అదేం క్లబ్బు? నీకంటే మంచోళ్ళున్నరు."

ఆ మాట వెంకన్న ముఖం మీద చరిచినట్టు తగిలింది. హుంగే కుండ మీద మూత సర్దుతూ అంది.

"ఉంటే మంచిదే మామా. ఇయ్యాల ఆ మంచోళ్ళే గెలుస్తరు. మరి నీకు భయమెందుకు?"

రామనర్సయ్య కొడుకు వైపు తిరిగి అడిగాడు.

"ఏ జాగల ఆడుతున్నవ్?"

"ముందర. సెంటర్ ఫార్వర్డ్."

నోట్లోని పుల్ల కింద పడింది. రామనర్సయ్య లోపలికి వెళ్ళిపోయాడు. అది కోపమే అనుకున్నాడు వెంకన్న. ఆరీ ఆరని జెర్సీని చంకలో పెట్టుకుని, జావైనా తాగకుండా బయటపడ్డాడు.

భద్రమ్మ మొగుడి వెనకే లోపలికి నడిచింది. అతని కోపం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇది కోపం కాదు.

"ఏమయ్యా, ఈసారి గూడ కట్టినవా?"

అతను గోడకేసి చూశాడు.

ఏటా ఫైనల్‌కు ముందు ఏరు దాటి, గుట్ట కింద అమ్మతల్లి గద్దె దగ్గరికి వెళ్ళి, అక్కడి పొదకు నీలం దారం ముడేసి వస్తాడు. అవతలి జట్టులో ముందర ఆడేవాడి కాళ్ళు కట్టెయ్యమని మొక్కు. క్లబ్బులో అందరూ నవ్వుతారు. దారం మాత్రం వాళ్ళే తెచ్చిస్తారు. ఈసారి మంగళవారమే వెళ్ళి కట్టాడు. పేరు చెప్పలేదు. ఎర్ర జట్టులో ముందర ఆడేవాడని మాత్రమే అన్నాడు.

"అదంతా ఉత్తదేలే," అన్నాడు చివరికి.

"ఉత్తదైతే ఏటేటా ఏరెందుకు దాటుతున్నవ్?"

"జట్టుకు బలమని."

"జట్టుకు బలం, నా కొడుక్కు కాళ్ళు పోవుడు. ఏమన్న మాటనా అది? పోయి ఇప్పిరా."

"ఇప్పినోడు క్లబ్బు కోసం ఇంక ఆ తల్లిని ఏదీ అడగరాదే. పూజారి ముంగటనే ఇప్పాలె, ఆయన చేనుకాడికెళ్ళి వచ్చేదాంక కూసోవాలె. ఆట అయ్యేటాలకు నేను వాపసు రాను."

"రాకు," అంది భద్రమ్మ.

రామనర్సయ్య బయలుదేరాడు. చౌరస్తాలో నీలం తలగుడ్డలు చుట్టుకున్న గుంపు ఎదురైంది. "నర్సన్నా, ఎటు పోతున్నవ్? మైదానం ఇటుంది," అని ఎవరో కేకేశారు. అతని పాదాలు వాటంతటవే అటు తిరిగాయి. మళ్ళీ ఏటి వైపు మళ్ళించడానికి కాసేపు పట్టింది. అప్పుడు చూశాడు, వెనక హుంగే వస్తోంది.

"ఈ ఎండల నువ్వెందుకు బిడ్డా?"

"నా లోపల గూడ కాళ్ళే తంతున్నయ్ మామా. ఇంట్ల కూసోబుద్ధి కాలే."

దోనెలో ఏరు దాటారు. పూజారి ఆయతు చేను నుంచి వచ్చేసరికి పొద్దు వాలింది. మైదానంలో ఆట మొదలయ్యే ఉంటుంది. అతను తీరిగ్గా కాళ్ళు కడుక్కుని వచ్చి అక్కడి హల్బీ భాషలో అడిగాడు.

"ఎవరి కాళ్ళు?"

కట్టేటప్పుడు నోటికి రాని పేరు ఇప్పుడు చెప్పక తప్పలేదు.

"నా కొడుకు వెంకన్నవి."

ఆయతు అతని ముఖంలోకి చూశాడు, తల పంకించాడు. రామనర్సయ్య పొద ముందు కూర్చున్నాడు. సున్నంలో మొద్దుబారిన వేళ్ళతో నీలం దారం పట్టుకున్నాడు. మంగళవారం నాటి కొత్త ముడి, త్వరగానే ఊడింది. లేవబోయాడు.

"మిగతావి?" అన్నాడు ఆయతు.

పొదలో ఆకుల చాటున ఇంకా దారాలున్నాయి. ఎండకు వెలిసి తెల్లబడ్డవి, వానకు నాని బిగిసినవి. అన్నీ అతను కట్టినవే. ఒక్కటీ తిరిగివచ్చి విప్పలేదు.

"ఇది నిరుటిది," అన్నాడు రామనర్సయ్య మెల్లగా. నిరుడు లైను జట్టు ముందర ఆడిన కుర్రాడు మంగు. పరుగు మధ్యలో మోకాలు మెలిపడి పడిపోయాడు. ఇప్పటికీ కుంటుతూనే కట్టెలమ్ముతున్నాడు. వాణ్ణి మోసుకుపోతుంటే వెనకే వాళ్ళమ్మ ఏడుస్తూ పరుగెత్తింది. ఆ సాయంత్రం క్లబ్బు గెలిచిందని రామనర్సయ్య వీధంతా బెల్లం పంచాడు.

"నువ్వు ముడేసినందుకే పడ్డడా మామా?" అంది హుంగే.

"ఏమో బిడ్డా. పడ్డప్పుడు మాత్రం నేను సంబరపడ్డ."

గడ్డం మీదుగా కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే నిరుటి దారం పట్టుకున్నాడు. అది గోళ్ళకు లొంగలేదు. వంగి పంటితో పట్టాడు.

అప్పుడే ఏటికి అవతల నుంచి పెద్ద కేక లేచింది. రామనర్సయ్య ఆగాడు. ఎన్నో ఏళ్ళుగా విన్న మైదానం. ఏ వైపు జనం అరిచారో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎవరిది మామా?"

"ఎర్రోళ్ళది. గోల్ కొట్టిన్రు."

హుంగే ముఖం వెలిగింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

"దాచకు బిడ్డా," అన్నాడు రామనర్సయ్య. "కొట్టింది మీ ఆయనో కాదో తెల్వదు. ఆయనే కావాలని నేను గూడ అనుకుంటున్న. నవ్వు."

ఆమె నవ్వింది. అతను మళ్ళీ పొద మీదికి వంగాడు.

"మంగు కాళ్ళు," అన్నాడు ఆయతుకు వినబడేలా. ముడి కొంచెం కదిలింది.