పండు లేని ఇంట్లో పండు వాసన

సుంకమ్మను చంపింది డాక్టరు. అరసికెరె ఊళ్లో అది తేలిపోయిన సంగతి. ఆమె మొగుడు పెద్దతిమ్మప్ప హిందూపురంలో మేడమెట్లు ఎక్కి వచ్చి, కుర్చీ చూపినా కూర్చోకుండా ఆ మాటే చెప్పాడు. వాన పడలేదని చెప్పినట్టు చెప్పాడు.

"మా ఆడమనిషిని చంపినాడు సార్. మీరు రుజువు చేయల్ల. అంతే."

ప్రైవేట్ డిటెక్టివ్ హనుమంతరాయప్ప చదువుతున్న పేపరు మడిచాడు. ఆయనకు సానుభూతి చూపే అలవాటు లేదు. ఆ పని పక్కన నిలబడ్డ సహాయకుడు నల్లప్ప చేస్తాడు. నల్లప్ప అప్పటికే చెంబుతో నీళ్లు తెచ్చాడు.

"యా డాక్టరు?"

"బెంగళూరు ఆయప్ప. నంజుండయ్య. హొసకోటలో చెనిక్కాయల గోదాములో శిబిరం పెట్టినాడు."

పావగడ సీమలో వేరుశనగ వరసగా మూడో ఏడు ఎండిపోయిన వేసవి అది. మండీకి కాయ రాక వై.ఎన్.హొసకోట గోదాము ఖాళీగా ఉంది. డాక్టర్ నంజుండయ్య దాన్ని అద్దెకు తీసుకున్నాడు. ఒళ్లు లావెక్కి చక్కెర జబ్బు వచ్చినవాళ్లకు కొర్ర తిండితో, మాత్రలు లేకుండా, జబ్బు తగ్గుతుందా అన్నది ఆయన పరిశోధన. ప్రతి సోమవారం మూత్రం సీసా ఇచ్చిన ఇంటికి వారానికి సరిపడా కొర్రపిండి ఇస్తారు. సుంకమ్మ, ఆమె ఇంట్లోనే ఉండే చెల్లెలు ఓబక్క ఇద్దరూ అందులో చేరారు. కరువులో కూడా ఒళ్లు తగ్గని అక్కచెల్లెళ్లని ఊరు వాళ్లను చూసి నవ్వేది.

"ఇప్పుడు నవ్వేది లేదు సార్," అన్నాడు పెద్దతిమ్మప్ప. "సుంకమ్మ ఎండకు మైనం కరిగినట్ల కరిగిపాయ. నీళ్లకు కుండ ఎత్తితే కుండ ఖాళీ. చచ్చేముందర ఆమె నోట్లోంచి మాగిన పండు వాసన. మా ఇంట్లో పండు చూసి మూడేండ్లాయ."

"ఆమె పోయి ఎన్నాళ్లయింది?"

"పోయిన నెల. దానికే అయితే వచ్చేవాణ్ణి కాదేమో." అన్నాడు పెద్దతిమ్మప్ప. "ఈ పొద్దున ఓబక్క నోట్లోంచి అదే వాసన."

నల్లప్ప చెంబు కింద పెట్టాడు. హనుమంతరాయప్ప లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఈ పొద్దు ఎట్ల వచ్చినావు తిమ్మప్పా?"

"శిబిరంలో ఓబక్క సీసా ఇచ్చి, అట్లే బస్సెక్కినా."

"చంపినాడంటావు. మళ్లీ వానికే సీసా ఇస్తావు?"

"ఇయ్యకపోతే పిండి ఇయ్యరు సార్. పిండి లేకపోతే మమ్మల్ని చంపేకి డాక్టరు కూడా అక్కరలేదు."

* * *

అరసికెరెలో పెద్దతిమ్మప్ప ఇంటిముందు పదిమంది నిలబడి ఉన్నారు. గడప మాత్రం ఎవరూ దాటలేదు. పక్కింటి ఈరక్క ఒక్కతే లోపల ఉంది.

ఓబక్క చాపమీద పడుకుని ఉంది. ఎండిన తోలు సంచిలా వదులైన చర్మం. ఛాతీ పెద్దగా లేచి పడుతోంది, పరుగెత్తి వచ్చి పడుకున్నదానిలా. ఇంట్లో నిజంగానే పండు వాసన ఉంది. తీయగా, కాస్త కుళ్లుగా. గూట్లో చూశాడు నల్లప్ప, ఉట్టిలో చూశాడు. ఎక్కడా ఏమీ లేదు.

"ఏం ఎతుకుతావు నాయనా?" అంది ఈరక్క. "ఆ వాసన సుంకమ్మది. చెల్లెల్ని పిలుచుకపోయేకి వచ్చి కూచోనుండాది."

"పిండి ఎవరెవరు తింటారు?" అన్నాడు హనుమంతరాయప్ప.

"ఇంట్లో అందరమూ తింటాం. కోళ్లకూ అదే. కోడి బాగనే ఉండాది, నిన్న నా చేయి పొడిచినాది," అన్నాడు పెద్దతిమ్మప్ప.

హనుమంతరాయప్ప చాప పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఓబక్కా, సీసా ఎవరు నింపుతారు?"

ఆమె కళ్లు తెరవకుండానే చెప్పింది. "నేనే. సోమారం సోమారం. ఉగాదికి కూడా తప్పలే."

"శిబిరానికి నువ్వే తీసుకపోతావా?"

"ఆడదాన్ని, సీసా పట్టుకోని ఊర్లో నడుస్తానా సార్? గడప కాడ పెడతా. అక్కా అంతే చేసేది. బావ తీసుకపోతాడు." ఆమె చేయి గాలిలో తడిమింది. "నీళ్లు..."

ఆయన పెరట్లోకి వెళ్లాడు. స్నానాల బచ్చలి బండ పక్కన నేల నల్లగా కదులుతోంది. గోడ పగులులోంచి బండదాకా చీమల బారు. చుక్క నీరు లేని పెరట్లో, పచ్చటి ఆకు లేని వేసవిలో, వేల చీమలు ఒకే చోట ముసురుకున్నాయి.

"సార్, పోదాం రండి," అన్నాడు నల్లప్ప భయంగా.

"చీమలకు దయ్యాల పని ఉండదు నల్లప్పా. వాటికి తిండి పని."

కొట్టంలో ఒక ఆవు నిలబడి ఉంది. ఊళ్లో మిగతా పశువుల కంటే నయంగా ఉంది.

"దీన్ని ఎట్ల బతికించుకున్నారు?"

"ఉగాదప్పుడు తిమ్మప్ప రెండు వారాలు పావగడ మేత కేంద్రంలో వదిలినాడు," అంది వెనకే వచ్చిన ఈరక్క. "లేకపోతే ఇదీ పోయుండు."

అప్పుడే గాలికి ఓబక్క తల దువ్విన వెంట్రుకల చుట్ట ఒకటి పెరట్లోకి దొర్లింది. పెద్దతిమ్మప్ప గబుక్కున వంగి దాన్ని అందుకున్నాడు. దిబ్బలో గుంట చేసి పూడ్చి, పైన కాలితో తొక్కాడు.

"అంత జాగ్రత్త ఏంది?"

"ఎవని చేతిలో పడుతుందో సార్. ఒంట్లోది పరాయివాని చేతిలో పడితే మనిషి పడినట్లే."

హనుమంతరాయప్ప తొక్కిన గుంటను చూశాడు. తరువాత, ఓబక్కను శిబిరానికి తీసుకుపోవడానికి బండి కట్టమన్నాడు.

* * *

గోదాములో ఇంకా పాత వేరుశనగ దుమ్ము వాసన ఉంది. మధ్యలో బస్తాలు తూచే కాటా. కాంపౌండర్ శివప్ప దాని మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు.

"మనుషుల్ని దీనిమీదనే తూస్తాం సార్. మొదట్లో సుంకమ్మ ఎక్కితే కాటా మూలిగేది. కడపటి నెల ఎక్కితే సరిగా కదల్లేదు."

"వాళ్ల సీసాలు ఎట్లుండేవి?"

"పరీక్షలో నీలం, చక్కెర లేనట్టు. ఎప్పుడూ నీలమే. అందరికన్న మంచి సీసాలు ఆ ఇంటివే. ఉగాదప్పుడు మాత్రం రెండు వారాలు ఇద్దరివీ రాలే."

హనుమంతరాయప్ప నల్లప్ప వైపు చూశాడు. నల్లప్పకు ఏమీ అర్థం కాలేదు. అయినా తల ఊపాడు.

ఓబక్కను బస్తాల మీద పడుకోబెట్టారు. బండి వెనక నడిచివచ్చిన ఊరివాళ్లు తలుపు దగ్గర గుంపుకట్టారు. ఇద్దరి చేతుల్లో కట్టెలున్నాయి. డాక్టర్ నంజుండయ్య లోపలి గదిలోంచి వచ్చాడు. శుభ్రమైన మనిషి. వచ్చీ రాగానే రోగిని చూడలేదు, గుంపును చూశాడు.

"ఈమెకు ఇన్సులిన్ వేయండి," అన్నాడు హనుమంతరాయప్ప.

"మీరు డాక్టరా?"

"కాదు. ఆ వాసన మీకు తెలియదా?"

డాక్టరు ముఖం చిట్లించాడు. "వాసన వస్తోంది. ఉపవాసం ఉన్నా అలాంటి వాసన వస్తుంది. ఈ పొద్దున వచ్చిన సీసా నేనే పరీక్షించాను. చక్కెర చుక్క లేదు. చక్కెర లేని మనిషికి ఇన్సులిన్ వేస్తే చచ్చిపోతుంది. అప్పుడు ఈ కట్టెలు నా తల మీద పడతాయి."

"వేయకపోతే?"

డాక్టరు మళ్లీ గుంపు వైపు చూశాడు. ఓబక్క ఊపిరి గోదామంతా వినిపిస్తోంది.

"ఆ సీసా ఇక్కడ పెట్టండి. ఈరక్కా, కొత్త సీసా తీసుకుని ఓబక్కను బస్తాల చాటుకు తీసుకపో. నింపింది నీ చేత్తోనే తెచ్చి శివప్పకియ్యి. మధ్యలో ఇంకెవరూ ముట్టుకోకూడదు."

శివప్ప స్పిరిట్ దీపం వెలిగించాడు. రెండు గాజు గొట్టాల్లో నీలం మందు పోశాడు. ఒకదాంట్లో పొద్దుటి సీసాలోవి చుక్కలు, ఇంకోదాంట్లో ఈరక్క తెచ్చినవి. రెండింటినీ పక్కపక్కన మంటమీద పట్టాడు. తలుపు దగ్గర వాళ్లు మెడలు చాచారు.

మొదటి గొట్టం మరిగింది. నీలంగానే ఉంది.

రెండోది పచ్చబడింది. పసుపైంది. తరువాత, లోపల ఏదో గాయం విచ్చుకున్నట్టు, అడుగునుంచి చక్కెర చూపే ఇటుక ఎరుపు పైకి లేచింది.

"ఒకే ఆడమనిషి," అన్నాడు హనుమంతరాయప్ప. "ఒకే రోజు."

డాక్టరు పరుగెత్తాడు. సూది తెచ్చాడు, సెలైన్ కట్టాడు.

సూది పడ్డాక హనుమంతరాయప్ప కాటా మీద కూర్చున్నాడు.

"సుంకమ్మకు ఎవరూ విషం పెట్టలేదు. అదే పిండి ఇల్లంతా తిన్నారు. ఆమె ఒంట్లో చక్కెర ఒక్కనాడూ తగ్గలేదు. కండా కొవ్వూ కరిగిపోయి, చక్కెరంతా మూత్రంలో పోయింది. దాహమూ అందుకే. కొవ్వు అట్ల కాలుతుంటే నోట్లో పండు వాసన వస్తుంది. ఓబక్కదీ అదే జబ్బు. బచ్చలి బండ కాడ చీమలు ఆమె మూత్రంలోని చక్కెరకే వచ్చినాయి. చీమలు సీసాను నమ్మలేదు. డాక్టరు నమ్మినాడు. సీసా నీలంగా ఉందని మాత్రలు ఇయ్యలేదు. బరువు తగ్గిందని సంతోషపడినాడు."

"సీసా నాకు అబద్ధం చెప్పింది!" అన్నాడు డాక్టరు.

"సీసా చెప్పింది. ఆడమనిషి కూడా చెప్పింది కదా. ప్రతి తూకానికీ దాహం, దాహం అని. మీరేమన్నారు?"

జవాబు శివప్ప ఇచ్చాడు. "ఎండాకాలం గదా అన్నారు."

"ఓబక్క ప్రతి సోమవారం సీసా నింపింది, ఉగాదికి కూడా. ఉగాదికి శిబిరానికి మాత్రం చేరలేదు. ఆ రెండు వారాలు ఆ ఇంట్లో లేనిది ఏంది? ఆవు. ఆవు లేకపోతే సీసా లేదు." ఆయన పెద్దతిమ్మప్ప వైపు తిరగకుండానే మాట్లాడాడు. "గడపకూ గోదాముకూ మధ్య సీసా ముట్టుకునేది ఒక్క మనిషి. తల వెంట్రుక పరాయి చేతిలో పడితేనే ఓర్చుకోలేని మనిషి."

గుంపు నెమ్మదిగా రెండుగా చీలింది. మధ్యలో పెద్దతిమ్మప్ప ఒక్కడే మిగిలాడు.

"దారిలో పారబోసేవాణ్ణి," అన్నాడు అతను. "ఆవుది పోసేవాణ్ణి. మాకు పిండి కావల్ల. ఆమెది ఏమీ వాని చేతికి పోకూడదు. ఆవుదానిమీద యా మంత్రమూ పారదు సార్. ఆమెను కాపాడుకునేకే..."

కట్టెలు పట్టుకున్నవాళ్లు వాటిని గోడకు ఆనించారు. ఎవరిని కొట్టాలో వాళ్లకు తెలియలేదు.

బయటికి వచ్చాక నల్లప్ప మెల్లగా అడిగాడు. "ఆయన మీద కేసు ఉండదా సార్?"

"ఏ కేసు? భార్యను చంపిన కేసా? ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టు వేస్తుంది?"

"డాక్టరుకో?"

"ఆయనకు ఇంకో ఊరు దొరుకుతుంది. ఇంకో గోదాము దొరుకుతుంది."

* * *

మర్నాడు పొద్దునకు ఓబక్క కళ్లు తెరిచింది. ఊపిరి నెమ్మదించింది. గోదాములో వేరుశనగ దుమ్ము వాసన తప్ప వేరే వాసన లేదు. పెద్దతిమ్మప్ప కాటా పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. అక్కడినుంచి కదలలేదని, ఎవరు తెచ్చినా ముద్ద ముట్టలేదని శివప్ప చెప్పాడు.

హిందూపురం బస్సుకు బయలుదేరిన హనుమంతరాయప్ప, నల్లప్ప తలుపు దగ్గర ఆగారు.

"బావా," అంది ఓబక్క. "అక్క ఎట్ల చచ్చిపాయనో సార్ వాళ్లకు తెలిసినాదంటనే? ఎవరు చంపినారు?"

పెద్దతిమ్మప్ప లేచాడు. గడప దగ్గర ఈరక్క పెట్టిన ఓబక్క సీసా ఉంది. దాన్ని చేతిలోకి తీసుకోలేదు. అడుగు పక్కకు వేసి, తగలకుండా దాటాడు.

"తెలిసింది," అన్నాడు. "నన్ను అడగొద్దు. ఈ మాట ఈ పొద్దుతో సరి. నేను చచ్చేదాకా ఇది నా నోట రాదు."