తెరిచి పెట్టిన రైఫిల్

ఒరిన్ స్కార్ తన వంటింట్లోనే చచ్చిపడి ఉన్నాడు. గుండెలో ఒకే తూటా. రైఫిల్ బల్ల మీద పద్ధతిగా పెట్టి ఉంది.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో వంటింటి బల్ల మీద రైఫిల్ ఉంటే ఎవరూ రెండోసారి చూడరు. ఆ ప్రాంతపు పోలీసు అధికారి, షరీఫ్ హాల్వర్ కూడా చూడలేదు. ఒరిన్ భార్య లవాన్‌ని అనుమానం మీద లోపలేశాడు. వాళ్ల నాలుగేళ్ల పాపని ఒరిన్ తమ్ముడు డెల్ చేతిలో పెట్టాడు.

మర్నాడు ఆ వంటింటి ఫొటోలు చూసిన డిటెక్టివ్ నోరీన్‌కి ఒళ్లు మండిపోయింది. షరీఫ్‌నీ, లవాన్‌నీ, డెల్‌నీ ఆ వంటింట్లోనే కూర్చోబెట్టింది.

"డెల్, ఆ రైఫిల్ ఎవరిది?"

"మా నాన్నది. నాకిచ్చాడు. తాగి పక్కింటోడి మీద గురిపెట్టానని అన్నయ్య లాక్కున్నాడు. ఇంటినీ ఒంటినీ కాపాడుకోడానికి ఆయుధం నా హక్కు. రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. లాక్కోడానికి వాడెవడు?"

"నిన్న ఎక్కడున్నావ్?"

"గేటు దగ్గర కంచె బాగుచేస్తున్నా. పొద్దుట్నుంచీ వదిన తప్ప ఒక్క పురుగు లోపలికెళ్లలేదు."

"ఒట్టేసి చెప్తావా?"

"వంద ఒట్లేస్తా!"

నోరీన్ తన రైఫిల్ ఖాళీ చేసి, తూటా గదికి తలుపులాంటి బోల్ట్ మూసి, లవాన్‌కి అందించింది. "బల్ల మీద పెట్టమ్మా."

లవాన్ చికాగో నగరంలో పెరిగిన మనిషి, తుపాకీ ముట్టి ఎరగదు. బోల్ట్ ముట్టుకోకుండా అలాగే పెట్టింది. గొట్టం సూటిగా షరీఫ్ పొట్టకేసి ఉంది.

"అయ్యో తల్లీ, అటు తిప్పు!" షరీఫ్ కుర్చీతో సహా పక్కకి జరిగాడు.

"ఇప్పుడు నువ్వు, డెల్."

డెల్ విసుగ్గా అందుకున్నాడు. బోల్ట్ వెనక్కి లాగాడు. లోపల తూటా లేదని చూసుకున్నాడు. బోల్ట్ తెరిచే ఉంచి, గొట్టం గోడవైపు తిప్పి పెట్టాడు.

నోరీన్ నిన్నటి ఫొటో దాని పక్కన పడేసింది. అందులోనూ రైఫిల్ అచ్చం అలాగే ఉంది.

"ఇక్కడ పుట్టినవాళ్లకి చిన్నప్పుడే నేర్పే పద్ధతి ఇది. అన్నని కాల్చాక కూడా నీ చెయ్యి మర్చిపోలేదు. ఒరిన్ చచ్చాక లేచి బోల్ట్ తెరవలేడు. లవాన్‌కి తెరవడమే రాదు. ఇంకెవరూ రాలేదని ఒట్టేసింది నువ్వే."

డెల్ బల్ల గుద్దాడు. "అది నా రైఫిల్! తీసుకోడానికొచ్చా! నా హక్కు!"

"నోర్ముయ్! ఆ హక్కు నాకూ ఉంది. నా మంచం పక్కనా రైఫిలుంది. ఇల్లు కాపాడుకోమని రాశార్రా అది. అన్న ఇంట్లో దూరి అన్నని చంపమని కాదు!"

షరీఫ్ డెల్‌కి బేడీలు వేశాడు. లవాన్ మొహంలోకి చూడలేకపోయాడు. "ఏమీ అనుకోకమ్మా."

"అనుకుంటా," అంది లవాన్. "నా మొగుణ్ణి చంపినవాడి ఇంట్లో నా బిడ్డని రాత్రంతా పడుకోబెట్టావు. ముందు కారు తియ్యి."