మూడోసారి పడాల్సిన వేలు

పదకొండు గంటల ఇరవై నిమిషాలు. శామీర్‌పేట్ దాటాక మామిడితోటల మధ్య ఫామ్‌హౌస్. ఏజెంట్ ఫణిభూషణ్ ఏసీ మెకానిక్ వేషంలో మెట్లెక్కాడు. సంచిలో స్క్రూడ్రైవర్ల కింద పిస్టల్ ఉంది. చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ కృష్ణారావు గొంతు గరగరలాడింది.

"అదీబ్ ఇమ్మిగ్రేషన్ క్యూలో ఉన్నాడు. ముందు తొమ్మిదిమంది."

అదీబ్ అంటే ఫణికి ప్రాణం. పన్నెండేళ్ళు ఒకే కంచంలో తిన్నారు. ఇవాళ కొత్త పేరుతో, కొత్త పాస్‌పోర్టుతో దేశం దాటుతున్నాడు. పేరు మార్చొచ్చు, వేలిముద్ర మార్చడం ఎవడి తరం? ఎయిర్‌పోర్టు గేటులో ప్రయాణికులు పెట్టే ప్రతి ముద్రా దొంగతనంగా ఈ ఫామ్‌హౌస్ సర్వర్‌కి వచ్చిపడుతోంది. దీన్ని నడిపే విదేశీ ముఠా దగ్గర మన ఏజెంట్ల పాత ముద్రలున్నాయి. రెండూ కలిశాయా, అదీబ్ దిగిన చోట హంతకులు కాచుకుని ఉంటారు.

"క్యూలోంచి లాగెయ్యండి సార్!"

"అక్కడ వాళ్ళ మనిషున్నాడు. లాగితే మనమే పట్టిచ్చినట్టు. నువ్వు సర్వర్ ఆపు."

తలుపు తీసింది శ్రీలేఖ. పట్టుచీర, మోచేతుల దాకా గోరింటాకు. ముఠా దగ్గర ఉద్యోగం, ఆర్నెల్లుగా మనకు రహస్యాల చేరవేత. నిన్న మేడ్చల్‌లో ఒక మెహందీ ఫంక్షన్‌లో ఈ సర్వర్ ఆచూకీ చెప్పింది ఆమే. అసలు ఎవరి మనిషో ఆమెకైనా తెలుసో లేదో!

"గ్యాస్ అయిపోయిందా మేడమ్?"

"కాదండీ, నీళ్ళు కారుతున్నాయి."

కోడ్ సరిపోయింది. లోపలి గదికి స్టీలు తలుపు. అది శ్రీలేఖ వేలికే తెరుచుకుంటుంది. బొటనవేలు తలుపు పక్కనున్న స్కానర్ అద్దం మీద ఆనించింది. ఎర్రలైటు. మళ్ళీ ఆనించింది. మళ్ళీ ఎరుపే.

"మూడోసారి తప్పితే రేపటిదాకా తెరుచుకోదండీ!"

"ఇంకా ఐదుగురు," అన్నాడు చీఫ్.

ఫణి పిస్టల్ తీశాడు. "నాటకాలా?"

"ఒట్టండీ! గోరింటాకుకి వేలు ఎండిపోయిందండీ!"

నిజమో, కాలయాపనో! వెనక చీపురు చప్పుడు ఆగింది. ఇల్లూడ్చే తారాబాయి. పిస్టల్ చూసి కూడా జంకలేదు.

"గా పిల్లను గట్ల బెదిరిస్తవేంది సారూ? రేషన్ దుకాణంల మేం నెలనెలా జూస్తలేమా! ఎండిన వేలు మిషన్ పట్టది. తలకు రుద్దితే పడ్తది."

శ్రీలేఖ గబగబా తన జుట్టుకు రుద్దుకుంది.

"నీ తలకు నూనే లేదు బిడ్డా. జల్దీ గిటు రుద్దు," అంటూ తారాబాయి కొబ్బరినూనె కారుతున్న తన తల వంచింది.

"ఒక్కరే! తర్వాత అదీబే!" చెవిలో అరిచాడు చీఫ్.

శ్రీలేఖ ఆ పాపిట మీద గసగసా రుద్ది వేలు ఆనించింది. పచ్చలైటు!

ఫణి లోపలికి ఉరికి సర్వర్ వెనక కేబుళ్ళన్నీ ఒక్క గుంజు గుంజాడు. తెర నల్లబడే ముందు కనబడిన ఆఖరి ముద్ర ఎవరో ముసలావిడది. అదీబ్‌ది రాలేదు.

"వేలు పెట్టాడు. విమానం వైపు నడుస్తున్నాడు," అన్నాడు చీఫ్.

ఫణి నేలమీద చతికిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏ గ్యాడ్జెట్ వాడావోయ్?"

"కొబ్బరినూనె సార్."

తారాబాయి కొంగు సర్దుకుని దగ్గరికొచ్చింది. ఈసారి మర్యాద పెరిగింది. "మీరు సర్కారోళ్ళా సారూ? జర నాకొక్క పని జేసిపెట్టుండ్రి. బాసాండ్లు తోమి తోమి నా వేలు అరిగింది. నూనె రాసినా మూడు నెల్లసంది పడ్తలేదు. డీలరు బియ్యమిస్తలేడు."

విదేశీ ముఠాను మట్టి కరిపించిన ఫణిభూషణ్ తల గోక్కున్నాడు.

"ఆ మిషన్ నా ర్యాంకువాడి వల్ల కాదమ్మా," అన్నాడు.