పింగాణీ ఊరికి చెక్క పెట్టెలు

రెడ్ రివర్ పొంగి మా ఊరిని ముంచిన ఏడాది అది. నీళ్లు తీశాక నేలమాళిగల్లో బురద ఎత్తిపోయడానికి చర్చి వాళ్లు మనుషుల్ని పంపారు. నా వంతుకు ఆర్డిస్ అనే ఆవిడ ఇల్లు వచ్చింది. కింద అన్నీ తడిసిన అట్టపెట్టెలు, లోపల తెల్లటి థర్మోకోల్. ఖాళీవే కదా అని మోసుకెళ్లి రోడ్డు పక్క కుప్పలో వేశాను. చెత్త లారీ తీసుకుపోయింది.

సాయంత్రం ఆమె మెట్లు దిగి వచ్చింది.

"ఇక్కడ పెట్టెలుండాలే?"

"పారేశాను."

"పారేశారా! వాటిలో ఏముంటాయో తెలుసా?"

"ఏమీ లేవు."

"ఇప్పుడు లేవండీ! నా ఊరు ఏడాదంతా పడుకునేది వాటిలోనే!"

చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్లింది. మంచం నిండా పింగాణీ ఇళ్లు. చర్చి, రొట్టెల కొట్టు, రైల్వే స్టేషన్. క్రిస్మస్‌కి దూది మంచు పరిచి, లోపల బల్బులు వెలిగించి పెట్టుకునేవి. వరద వస్తోందనగానే ఇళ్లను పైకి చేర్చింది, పెట్టెల్ని వదిలేసింది. ఏ ఇంటి పెట్టె ఆ ఇంటి ఆకారంలోనే తొలిచి ఉంటుందట. ఒకదానిది ఇంకోదానికి పట్టదట.

"ఇవి పోగుచేసేవాళ్లు మొగుణ్ణయినా వదులుకుంటారు గానీ పెట్టెను వదులుకోరు. నేను వదులుకున్నాను కూడా."

"పెట్టెనా?"

"మొగుణ్ణి!"

నవ్వాలో వద్దో తెలియలేదు. "కొత్తవి చేసిస్తాను, వడ్రంగిని," అన్నాను.

"త్వరగా చెయ్యండి. వరదకి నానిన ఈ ఇల్లు కూల్చేస్తారు. నేను అరిజోనాలో అక్క దగ్గరికి వెళ్లిపోతున్నాను. పెట్టెల్లేకుండా ట్రక్కెక్కిస్తే అక్కడికి చేరేది పెంకులే."

అప్పటినుంచి తువ్వాల్లో చుట్టి ఒక్కో ఇల్లే నా షెడ్డుకు తెచ్చేది. నేను కొలిచి, చెక్క తొలిచి, లోపల పాత కంబళి ముక్క అంటించేవాణ్ణి. ఆమె లెఫ్సే అనే పల్చటి బంగాళాదుంప రొట్టెల మీద వెన్న రాసి నా ముందు పెట్టేది. నా కాఫీ తాగి ముఖం చిట్లించేది. మళ్లీ పోయమనేది.

"సెల్మర్, మీరు రోజుకు ఎన్ని మాటలు మాట్లాడతారు?"

"ఇవాళ్టివి అయిపోయాయి."

పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకి నా ఉలి పక్కకు జారింది.

ఆకులు రాలాయి. మంచు పడింది. చివరికి రైల్వే స్టేషన్ ఒక్కటే మిగిలింది. ఆ పెట్టె మూసిననాడు ఆమె బండెక్కుతుంది. అందుకని ఆ చెక్కను రోజూ గరుకు కాగితంతో రుద్దుతూనే ఉన్నాను. ఎప్పుడొచ్చి అడిగినా "ఇంకా కాలేదు" అనేవాణ్ణి.

ఒక శనివారం మధ్యాహ్నం ఆమె అన్న హార్లన్ ట్రక్కు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఇంజన్ ఆపకుండానే దిగాడు. వెనకే ఆమె, చంకలో స్టేషన్.

"ఏమయ్యా సెల్మరూ, శవపేటిక కూడా రెండు రోజుల్లో చేస్తావు. ఈ బుల్లి స్టేషన్‌కి ఇన్నాళ్లా?"

ఆర్డిస్ ముందుకొచ్చింది. బల్ల మీది పెట్టె తీసి స్టేషన్‌ను అందులో దించింది. చప్పుడు లేకుండా కూర్చుంది అది. ఊపి చూసింది. కదల్లేదు.

"ఇది ఎప్పుడో అయిపోయింది."

"అయింది."

"మరి చెప్పలేదేం?"

కిటికీలోంచి మంచు చూశాను. మంచు ఏమీ సాయం చెయ్యలేదు.

"చెబితే వెళ్లిపోతావు."

హార్లన్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "అబ్బో, ఇతగాడు మాట్లాడతాడే!" అని తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "చెల్లీ, ఇంజన్ ఆపమంటావా?"

ఆమె నన్నే చూస్తోంది. చెవుల దాకా ఎర్రబడింది. నేనూ అంతేనేమో.

"ఆపెయ్ అన్నయ్యా. పెట్రోలు దండగ."

హార్లన్ మంచిదంటూ పోయాడు.

ఆమె దగ్గరికొచ్చి నా చొక్కా మీది రంపపు పొట్టు దులిపింది. "నా ఊరు పరవడానికి చాలా చోటు కావాలి. గోడ నుంచి గోడ దాకా. మీ ఇంట్లో ఉందా?"

"ఉంటుంది."

"నిజంగా ఉందా, చూసే అంటున్నారా?"

ఆవాళ్టి మాటలన్నీ అప్పటికే అయిపోయాయి. తల మాత్రం ఊపాను.

మర్నాడు పొద్దున్నే, కాఫీ కూడా పెట్టుకోకుండా, ముందుగదిలోని సోఫాను ఒక్కణ్ణే ఈడ్చుకెళ్లి షెడ్డులో పడేశాను.