ఎవరూ ఉతకని మోకాలి పట్టీ

2096 నాటికి విజయనగరం జనం మ్యూజియానికి చూడటానికి వెళ్లడం మానేశారు, తాకడానికి వెళ్తున్నారు. అక్కడుండే చేతి తొడుగులో వేళ్లు దూరిస్తే చాలు, ఏనాటి ఆటగత్తె పట్టో మన మణికట్టుకు తెలుస్తుంది. ఇదంతా స్పర్శగ్రాహి అనే టచ్ స్కానర్ చలవ. వస్తువు మీద ఎండిన చెమట, ఉప్పు, చర్మకణాల పొరలు విడదీసి ఎవరు, ఎప్పుడు తాకారో చెప్పేస్తుంది. మొహమాటం మాత్రం దానికి చేతకాదు, పాపం.

ఆ మ్యూజియం, అంటే కబడ్డీ కీర్తిశాల, పుట్టిందే ఒక మోకాలి పట్టీ వల్ల. 2041 జనవరిలో జరిగిన ఫైనల్లో చివరి కూతకు వెళ్లిన నీలవేణి, ఎదుటి జట్టు పైడితల్లి మోకాలికి తన కాలి బొటనవేలు తగిలిందంది. రిఫరీ పాయింటిచ్చాడు, నీలవేణి జట్టు గెలిచింది. తగిలితే తానే చెయ్యెత్తి బయటికి నడవడం ఆటలో మర్యాద. పైడితల్లి ఎత్తలేదు. లోకం ఆమెను దొంగ అంది. ఆమె కోపంతో పట్టీ ఊడదీసి విసిరికొట్టి వెళ్లిపోయింది.

పదకొండేళ్లకు నీలవేణి కీర్తిశాల కట్టించి, ఆనాడు ఏరి దాచిన ఆ పట్టీని నట్టనడుమ గాజుపెట్టెలో పెట్టింది. దాన్ని ఎవరూ ఉతకకూడదని, తుడవకూడదని నిబంధన రాయించింది. మూడేళ్ల కిందట పోయేదాకా తాళంచెవి ఆమె బొడ్లోనే ఉండేది.

ఇప్పుడు ఎనభై ఏళ్ల పైడితల్లి వచ్చి, స్పర్శగ్రాహిని నడిపే శాస్త్రవేత్త మందాకిని ఎదుట కూర్చుంది.

"నాను సచ్చేలోగా తేల్చమ్మా. తగిలితే సెయ్యెత్తనా నాను?"

"తగిలిందని తేలితేనో, మామ్మా?"

"దొంగనే అను. ఊరికి అలవాటే గదా!"

యంత్రం పెట్టెలోని పట్టీని చదివింది. "ఆనాటి బొటనవేలి స్పర్శ లేదు."

పైడితల్లి బావురుమంది. యాభై అయిదేళ్ల ఏడుపు మరి! అంతలో యంత్రం మళ్లీ పలికింది. "నీలవేణి స్పర్శ ఉంది."

"అదేటి మల్లీ!"

"కాలిది కాదు. అరచేయి. ఏడాదికొకసారి, చలికాలంలో, మొత్తం నలభై ఒక్కసార్లు. ప్రతి పొరలోనూ కన్నీటి ఉప్పుంది."

మందాకినికి అప్పుడు అర్థమైంది. "తగల్లేదని నోటితో చెప్పలేక, ఇలాంటి యంత్రం ఎప్పటికైనా రాకపోతుందా అని కాచుకుందన్నమాట! పెట్టె కింది ఫలకం మీద విజేతగా ఉన్న ఆమె పేరు తీయించేస్తాను."

"ఊరుకోమ్మా. గంటసేపు బస్సులో కూకుంటే మాయిల్లు. వచ్చి సెప్పుంటే నాలుగు తిట్టి అన్నమెట్టుందును, ఎర్రిది!" పైడితల్లి ముక్కు చీదుకుంది. "సెయ్యెత్తింది గదా. నలబయ్యొక్కసార్లు ఎత్తింది. సూసినోల్లే నేరు."

"మరి ఫలకం మీద ఏం రాయమంటావ్?"

"జరిగింది జరిగినట్టు రాయి. దాని పేరుంచి, పక్కన నాది పెట్టు." పైడితల్లి గాజుపెట్టె వైపు చెయ్యి చాపింది. "ఆ పట్టీ ఇలా తే. కుళాయి ఎక్కడుంది? సుబ్బరంగా ఉతికీసొస్తాను."