కోడలు పలకని జవాబు

అల్మాటీలో మా టీవీ పదాల ఆటకి పజిళ్ళు కట్టేదీ, ఆడేవాళ్ళని ఏరేదీ నేనే. పజిల్ కట్టడం పెద్ద విద్యేం కాదు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి జవాబు ఆటగాడికంటే క్షణం ముందు తట్టాలి, అంతే. మనుషుల్ని ఏరడమే చావు. తెలివి అక్కర్లేదు, గట్టిగా నవ్వాలి, గట్టిగా అరవాలి. పొద్దుటినుంచి ఆ అరుపులు విని విని నా తల దిమ్మెక్కింది.

ఆఖర్న కున్‌సులూ వచ్చింది. ఆటలో గెలిస్తే ఊళ్ళో ఫ్లాటు బహుమతి.

"అది నాకు కావాలక్కా," అంది. "మామగారు పోయి ఏడాదైనా ఆ పాత ఇంట్లో ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. సొంతిల్లు అమిరితే తప్ప మా ఆయన కదలనంటాడు."

బోర్డు మీద అక్షరాలు ఒక్కొక్కటే తెరిచాను. జవాబు వేటగాడి చేతిమీద వాలే పెద్ద పక్షి. చంటిపిల్లాడైనా చెబుతాడు.

"కుందేళ్ళని ఎత్తుకుపోయేది," అంది.

"పేరు చెప్పమ్మా."

"మామగారి పేరక్కా అది. నా నోట రాకూడదు."

మాలో కోడళ్ళు అత్తింటి పెద్దల పేర్లు పలకరు. నేనూ పలకను. వేరే పజిల్ ఇద్దామనుకున్నాను. యాంకర్ దౌరెన్ ఊరుకుంటేగా.

"పోయినాయన వచ్చి కొడతాడా వదినా? చెప్పేయ్."

కున్‌సులూ పక్కన రెండో ఆటగాడి ఖాళీ బల్లకేసి చూసింది. తర్వాత మైకులో మెల్లగా, స్పష్టంగా ఆ పేరు చెప్పింది. నేనది ఇక్కడ కూడా రాయను.

తడిసిన గొర్రెతోలు వాసన వచ్చింది... పొగాకు వాసన... ఖాళీ బల్ల మీద, జవాబు తెలిసినవాళ్ళు నొక్కే బటన్ వెలిగింది. నా హెడ్‌ఫోన్‌లో ఎవరో దగ్గారు. ముసలి దగ్గు.

"దౌరెన్... నువ్వా?" గుసగుసగా అడిగాను.

అడ్డంగా తలూపాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

కున్‌సులూ తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది. తను ఎంపికైందో లేదో కూడా అడగలేదు.

సాయంత్రం ఫోన్ చేసింది. "ఇల్లు నిశ్శబ్దంగా ఉందక్కా. మీ దగ్గరే ఉండిపోయారా?"

ఆ గొంతులో భయం లేదు, హాయి ఉంది. నాకు ఒళ్ళు మండింది. అంతకన్నా ఎక్కువ భయం వేసింది. స్టూడియోలో నేనొక్కదాన్నే ఉన్నాను.

హెడ్‌ఫోన్ ఎప్పుడో తీసేశాను. అయినా చెవి పక్కనే వినిపించింది.

"కోడలా... టీ."

నేను మీ కోడల్ని కాను అందామనుకున్నాను. అలసిపోయి ఉన్నాను. ఇన్నేళ్ళ అలవాటు. కాళ్ళు వాటంతటవే లేచాయి. మా మామగారికి పోసినట్టే, మళ్ళీ అడిగేలా సగం గిన్నె టీ పోసి ఖాళీ బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగాను.

మళ్ళీ చూసేసరికి గిన్నె ఖాళీ.

మాలో చాలనుకున్నవాళ్ళు గిన్నెని పక్కకి వాలుస్తారు. అది వాల్చి లేదు... నా వైపు జరిపి ఉంది.